పెద్దవాళ్ల తాళం ముందు

రోజు 198. నిలిచిన కాలం: 20 సెకన్లు

ఈ దినచర్యను సత్యవేణి గారి ఆజ్ఞ మేరకు నేటి ఉదయం ప్రారంభించడమైనది. ప్రారంభించినవాడు లోవరాజు, మంచు పొర కింద ఉన్న చలివేంద్రం ఊరి తాళాల విభాగంలో రెండో శ్రేణి సహాయకుడు. మొదటి శ్రేణిలో ఎవరూ లేరు. విభాగం మొత్తానికి నేనూ, మా అధికారి సత్యవేణి గారూ, ఒక కుర్చీ. కుర్చీ నాది కాదు.

"జరిగింది జరిగినట్టు రాయి. నిలుపుదల రోజున పెద్దల సభ ఇది చదువుతుంది. నీ వేళాకోళాలు వద్దు," అన్నారావిడ. కనుక ఇందులో వేళాకోళం ఉండదు.

జరిగినది: గాలి గొట్టాల మీద పేరుకున్న మంచు గీకుతున్నాను. (ఇది తాళాల విభాగం పని కాదు. రెండో శ్రేణి సహాయకుడి పని.) నాలుగో వరస ఏడో ఇంటి నూకరత్నం మామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఊరందరికీ చేపపిల్లలు పెంచి ఇచ్చేది ఆవిడే. వయసు ఎనభై నాలుగు.

"ఏరా లోవా, నా తొట్టెలో బుడగలు ఆగిపోయాయి."

"ఎంతసేపు మామ్మా?"

"ఇరవై లెక్కపెట్టాను. అప్పుడొచ్చాయి."

"ఇరవై సెకన్లే కదా."

"అయితే ఇలా రా. ఇరవై లెక్కపెట్టేదాకా నీ ముక్కు పట్టుకుంటాను."

పరీక్షను గౌరవపూర్వకంగా తిరస్కరించి, ఫిర్యాదు నమోదు చేసుకున్నాను.

రోజు 205. నిలిచిన కాలం: 40 సెకన్లు

మళ్లీ ఏడో ఇల్లే.

సభవారి సౌకర్యార్థం ఒక మాట. ఊళ్లో నూట పన్నెండు ఇళ్లున్నాయి. తమకో సొంత యంత్రం ఉందనీ, తమ గాలీ వేడీ నీళ్లూ అదే చూసుకుంటుందనీ ప్రతి ఇంటివాళ్లూ అనుకుంటారు. ఆ యంత్రాలు కూడా తాము నిజంగా ఉన్నామనే అనుకుంటాయి. వాస్తవంలో ఉన్నది ఒకే ఒక్క పెద్ద యంత్రం. దాని కడుపులో నూట పన్నెండు వర్చువల్ యంత్రాలు. ఒకదాని సామాను ఇంకోటి ముట్టుకోకుండా ప్రతిదానికీ ఒక తాళం. ఆ ఇంటి తాలూకు ఏ పని చేయాలన్నా ముందు తాళం చేతికి రావాలి, పనయ్యాక వదలాలి. ఇవి ఇనుప తాళాలు కావు, కోడులోవి. మా అమ్మ మాత్రం పెళ్లిచూపులకి వచ్చినవాళ్లతో, అబ్బాయి తాళాలు బాగుచేస్తాడనే చెబుతుంది. అందుకే సంబంధాలు కుదరడం లేదని నా అనుమానం.

ఇవాళ ఏడో ఇంటి తాళాన్ని ఎవరో పట్టుకుని నలభై సెకన్లు వదల్లేదు. బుడగల పంపు ఆ తాళం కోసం నిలబడిపోయింది. చివరికి కాపలా వచ్చి విడిపించింది.

కాపలా అంటే యంత్రం అడుగుపొరలో ఉండే చిన్న ప్రోగ్రాం. ఎక్కడైనా పని బిగుసుకుపోతే కొంతసేపు చూసి, ఎవరో ఒకరి చేతిలోంచి తాళం లాగేస్తుంది. దాన్ని రాసిన మన పూర్వీకులు మర్యాదస్తులు. ఊరికే ఇంకొకరి వ్యవహారంలో తలదూర్చడం బాగుండదని, కాపలా జోక్యం చేసుకున్న ప్రతిసారీ మరుసటిసారికి దాని ఓపిక రెట్టింపు అయ్యేలా ఏర్పాటు చేశారు. ఇరవై అయింది. నలభై అయింది. నిలుపుదల రోజున పెద్ద యంత్రం మొత్తం ఆపి శుభ్రం చేస్తాం కదా, అప్పుడే అది మళ్లీ ఇరవైకి దిగుతుంది. మధ్యలో ఎవరు చెప్పినా వినదు. అడుగుపొరలో మనం చెయ్యి పెట్టే వీలు లేదు.

నిలుపుదల రోజుకి ఇంకా నూట అరవై రోజులుంది.

రోజు 211. నిలిచిన కాలం: 80 సెకన్లు

ఈసారి ఏడో ఇల్లూ, పక్కన ఎనిమిదో ఇల్లూ కలిసి బిగుసుకున్నాయని తేలింది.

ఎనిమిదో ఇల్లు పేరంటాలు మామ్మది. ఊరికి బొంతలు కుట్టేది ఆవిడ. వయసు? అక్కడే ఉంది తగువు. నూకరత్నం, పేరంటాలు ఇద్దరూ మనవాళ్లని ఇక్కడికి తెచ్చిన వలస ఓడలో ఒకే రోజు పుట్టారు. ఆ రోజు ఓడ గడియారాన్ని ఏడు గంటలపాటు ఆపి బాగుచేశారట. ఇద్దరు తల్లులూ ఆ ఏడు గంటల్లోనే కన్నారు. ఎవరు ముందో రాసిపెట్టిన కాగితం లేదు, చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మన ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. పెద్దవాళ్లకే ముందు వడ్డన. పెద్దవాళ్లకే ముందు వేడినీళ్లు. ఒక్క గంట పెద్దయినా పెద్దే. ఇవాళ మధ్యాహ్నం క్యాంటీన్లో విన్నది:

"వెనక్కి జరగవే. పెద్దముండని నిలబడ్డాను కదా ఇక్కడ."

"ఆఁ, పెద్దముండవే. పెద్దదానివి మాత్రం కాదు."

వీళ్లిద్దరి మధ్య గోడ మందం నాలుగు అంగుళాలు. పొద్దున్న లేస్తే ఒకరి దగ్గు ఇంకొకరికి వినిపిస్తుంది. దగ్గు వినిపించకపోతే వెళ్లి తలుపు కొట్టి, "చచ్చావనుకున్నాను," అని చెప్పి వచ్చేస్తారు.

అదే క్యాంటీన్లో ఒక శాస్త్రీయ దృశ్యం కూడా చూశాను. అంటువ్యాధి ఏట పెట్టిన నిబంధన మీకు గుర్తుండే ఉంటుంది: ఉమ్మడి గరిటె ఒకసారి చేతబట్టాక, వడ్డించుకోవడం పూర్తయ్యేదాకా కింద పెట్టకూడదు. పంపులు చూసే సన్యాసయ్య బాబాయ్ పప్పు గరిటె పట్టుకుని నెయ్యి గరిటె కోసం నిలబడ్డాడు. వెల్డింగ్ కొండబాబు నెయ్యి గరిటె పట్టుకుని పప్పు గరిటె కోసం నిలబడ్డాడు. ఇద్దరికీ రెండూ కావాలి. ఇద్దరూ చేతిలోది వదలరు. వెనక నలభై మంది.

"నువ్వొదులు కొండబాబూ."

"నిబంధన ఒప్పుకోదు కదా బాబాయ్."

క్యాంటీన్ వీర్రాజు గారు వచ్చి ఇద్దరి చేతుల్లోంచీ గరిటెలు లాక్కుని, గోడకి బోర్డు తగిలించారు: "ముందు పప్పు గరిటె, తర్వాతే నెయ్యి గరిటె." అందరూ ఒకే వరసలో పట్టుకుంటే చిక్కు లేదు. మొదటిది దొరకనివాడు వట్టి చేతులతో నిలబడతాడు, వట్టి చేతులవాడి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. మా విభాగం కాలేజీలో నాలుగేళ్లు నేర్పిన విషయాన్ని ఆయన ఒక అట్టముక్క మీద రాసేశారు.

మన కోడులో కూడా ఇలాంటి వరస ఉంది. ఉండి కూడా ఎందుకు బిగుసుకుంటోందన్నది ప్రశ్న.

(ఎర్ర సిరాతో సత్యవేణి గారు: మొత్తం మీద ఈ చివరి ముక్క ఒక్కటి చాలు. మామ్మల తిట్లు అక్కర్లేదు.)

రోజు 219. నిలిచిన కాలం: 320 సెకన్లు

216వ రోజున 160 సెకన్లు. ఇవాళ 320. కాపలా తన మర్యాద నిలబెట్టుకుంటోంది.

నూకరత్నం మామ్మ ఇంటికి వెళ్లాను. ఇల్లంటే తొట్టె, తొట్టె పక్కన మంచం. నీళ్లలో నాలుగు తల్లి పండుగప్ప చేపలు బద్ధకంగా తిరుగుతున్నాయి. వల గుడ్డ అవతల నలభై వేల పిల్లలు, ఆవగింజకి తోకలు మొలిచినట్టున్నాయి. కిందటేడు రెండో వరసలోని తొట్టెకి తెగులు తగిలింది కాబట్టి, ఈ మంచు కింద మిగిలిన తల్లులు ఈ నాలుగే. ఇవి పోతే ఊరికి చేప అన్న మాట పుస్తకంలోనే మిగులుతుంది.

"బుడగలు లేకుండా ఎంతసేపు తట్టుకుంటాయి మామ్మా?"

"పన్నెండు నిమిషాలు. చేతుల్తో నీళ్లు కొడుతూ ఉంటే ఇంకో మూడు."

"అంతకు మించితే?"

ఆవిడ ఒక తల్లిచేపని చూపించి, "దాని పేరు కామేశ్వరి. నా చేతిలోంచే తింటుంది," అంది.

లెక్క: మరుసటి ఆగుడు 640 సెకన్లు, అంటే పది నిమిషాల నలభై సెకన్లు. బతుకుతాయి. ఆ మరుసటిది 1280, అంటే ఇరవై ఒక్క నిమిషాల ఇరవై సెకన్లు. బతకవు. మా విభాగానికి ఉన్న గడువు ఒక్క ఆగుడు.

రోజు 222. నిలిచిన కాలం: 640 సెకన్లు

ఆ ఒక్కటీ అయిపోయింది.

పది నిమిషాల నలభై సెకన్లు నేనూ మామ్మా మోచేతుల దాకా నీళ్లలో పెట్టి కొడుతూనే ఉన్నాం. కామేశ్వరి పక్కకి ఒరిగిపోయి, బుడగలు వచ్చాక మెల్లగా నిటారయింది. పిల్లల్లో రెండు మూడు వందలు పోయాయి. మామ్మ వాటిని చేత్తో ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. 

తడిచేతులతో క్యాంటీన్‌కి వెళ్లాను. లోపల గోల. పప్పు గరిటె పట్టుకుని ఒకాయన, నెయ్యి గరిటె పట్టుకుని ఒకావిడ, మధ్యలో బోర్డు. బోర్డు ఉండగా ఎలా? దగ్గరికెళ్లి చూస్తే "ముందు నెయ్యి గరిటె, తర్వాతే పప్పు గరిటె" అని ఉంది.

"నెయ్యి గడ్డకట్టేస్తోందని ఇప్పుడే మార్చానయ్యా," అన్నారు వీర్రాజు గారు. "వేడిగా ఉన్నప్పుడే ముందు వేసుకుంటారని."

"ఈయన గరిటె ఎప్పుడు పట్టుకున్నాడు?"

"మార్చకముందు."

"ఆవిడ?"

"మార్చాక."

ఇద్దరూ బోర్డు చెప్పినట్టే చేశారు. ఇద్దరిదీ తప్పు లేదు. వరస ఉంది, కానీ వాళ్లు గరిటెలు చేతబట్టి ఉండగా వరసే మారింది.

భోజనం చేయకుండా ఆఫీసుకి పరిగెత్తాను. ఇది నా ఉద్యోగ చరిత్రలో ప్రథమం.

రోజు 223. ఆగుడు లేదు

కోడు దొరికింది. పక్కపక్క ఇళ్లు యంత్రం సమయాన్ని ఒకదానికొకటి అప్పుడప్పుడు సర్దుకుంటాయి. చేపల ఇంటికి ఎప్పుడూ ఎక్కువ కావాలి కాబట్టి ఏడూ ఎనిమిదీ మధ్య ఈ సర్దుబాటు రోజంతా నడుస్తూనే ఉంటుంది. అందుకు రెండిళ్ల తాళాలూ పట్టుకోవాలి. ఏది ముందు? అరవై ఏళ్ల కిందటి పూర్వీకుడొకాయన కోడు పైన రాసిపెట్టాడు: "పెద్దవాళ్ల తాళం ముందు." ఏ ఇంటి పెద్దకి వయసు ఎక్కువో, ఆ ఇంటి తాళం ముందు పట్టుకోవాలి. వయసు ఎక్కడ చూస్తుంది? జనన పట్టీలో.

ఈ పద్ధతిలో అరవై ఏళ్లు ఒక్క చిక్కూ రాలేదు. ఎందుకంటే జనన పట్టీలో దిద్దుబాట్లు ఏడాదికొక్కసారి, నిలుపుదల రోజునే జరిగేవి. ఆ వేళ యంత్రమే ఆగి ఉంటుంది, ఎవరి చేతిలోనూ తాళం ఉండదు. ఈ ఏడాది సభవారు ప్రజల సౌకర్యార్థం మూడో వరసలో వయసు కిటికీ అని ఒక కౌంటరు తెరిచారు. దరఖాస్తు పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేకపోతే దిద్దుబాటు వెంటనే అమల్లోకి వస్తుంది.

కిటికీ పుస్తకం తెప్పించాను. 198వ రోజు: తాను ఉదయం పుట్టినట్టు సాక్ష్యం దొరికిందని పేరంటాలు దరఖాస్తు, ఆమోదం. 205: తాను అంతకంటే ముందే పుట్టానని నూకరత్నం, ఆమోదం. 211: పేరంటాలు. 216: నూకరత్నం. మిగతావీ అంతే. ప్రతి దిద్దుబాటుకీ ఒక ఆగుడు. నిమిషాలతో సహా సరిపోయాయి.

వరస మారిన క్షణాన, పాత వరసలో బయల్దేరిన పని నూకరత్నం తాళం పట్టుకుని పేరంటాలు తాళం అడుగుతోంది. కొత్త వరసలో బయల్దేరినది పేరంటాలు తాళం పట్టుకుని నూకరత్నం తాళం అడుగుతోంది. ఒకటి వదిలితే గానీ రెండోది కదలదు. ఇద్దరు మామ్మల తగువు యథాతథంగా యంత్రంలోకి వెళ్లి కూర్చుంది.

సత్యవేణి గారు పుస్తకం రెండుసార్లు చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి, "కూర్చో," అన్నారు. పావుగంట కూర్చున్నాను. కుర్చీ అంత గొప్పగా ఏం లేదు.

రోజు 225. ఆగుడు లేదు

మందు సులువు. వయసు బదులు తలుపు నంబరు చూడాలి. ఏడు ముందు, ఎనిమిది తర్వాత. తలుపు నంబరు ఎవరి దరఖాస్తుతోనూ మారదు. పాచ్, అంటే కోడుకి వేసే అతుకు, తొమ్మిది లైన్లు. యంత్రం ఆపకుండానే పెట్టవచ్చు, ఒక్క షరతు: పెట్టే క్షణాన సర్దుబాటు కోడు లోపల ఎవరూ ఉండకూడదు.

అడ్డంకి సులువు కాదు. కోడులోంచి పెద్దరికం తీసేయాలంటే పెద్దల సభ అనుమతి కావాలి. సభ 231వ రోజున.

ఈలోగా వయసు కిటికీ మూయించాను. ఇద్దరు మామ్మల దగ్గరికీ స్వయంగా వెళ్లి, వారం రోజులు దరఖాస్తు పెట్టవద్దని బతిమాలాను.

"అది పెట్టనంటేనే నేను పెట్టను," అంది నూకరత్నం.

"నేనెందుకు పెడతానురా, పెద్దదాన్ని నేనే కదా," అని నవ్వింది పేరంటాలు. నోట్లో సూదిదారం ఉండటంతో ఆ నవ్వు మీద అప్పుడు నాకు అనుమానం రాలేదు.

రోజు 230. నిలిచిన కాలం: 14 నిమిషాల 10 సెకన్లు

ఉదయం 10:14కి ఆగింది.

కిటికీ మూయించానే గానీ, మూయకముందు లోపలికి వెళ్లిన కాగితాల సంగతి అడగలేదు. పేరంటాలు 224వ రోజునే ఇంకో దరఖాస్తు పెట్టింది. పదే పదే మార్చేవాళ్ల కాగితాన్ని ఆరు రోజులు పరిశీలనలో ఉంచాలట. ఆరు రోజులు పూర్తయ్యాయి, ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే ఆమోదమైంది. తలుపు మూసి, ఇంట్లో ఉన్నవాణ్ణి మరిచిపోయాను. తప్పు నాది. దీన్ని వేళాకోళం లేకుండా రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి నూకరత్నం మామ్మ తొట్టెలో రెండు చేతులూ పెట్టి కొడుతోంది. నేను రెండో వైపు దిగాను. సత్యవేణి గారు చేతి పలక పట్టుకుని గుమ్మంలో నిలబడి నిమిషాలు చదువుతున్నారు. పాచ్ సిద్ధంగా ఉంది. పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే బిగుసుకున్న రెండు పనులూ సరిగ్గా ఆ కోడు లోపలే నిలబడి ఉన్నాయి.

"ఆరు," అన్నారు సత్యవేణి గారు.

దారి ఒక్కటే. రెండిళ్లలో ఒక ఇంటి యంత్రాన్ని పూర్తిగా ఆపేయాలి. ఆపితే దాని తాళం ఊడిపోతుంది, రెండోది కదులుతుంది. ఆపిన యంత్రం మళ్లీ లేవడానికి రెండు గంటలు. ఏడో ఇంటిది ఆపితే రెండు గంటలు బుడగలుండవు. ఎనిమిదో ఇంటిది ఆపితే రెండు గంటలు వేడి ఉండదు, అంతే.

గోడ అవతల నుంచి పేరంటాలు మామ్మ వచ్చింది, భుజాన బొంతతో. "ఏంటే ఆ నీళ్ల చప్పుడు? పొద్దున్నే స్నానాలా?" అంటూ వచ్చి, తొట్టె చూసి ఆగిపోయింది.

"ఎనిమిది," అన్నారు సత్యవేణి గారు. పలక మీద ఆపుదల పత్రం తెరిచి ఆవిడ ముందు పెట్టారు. "మామ్మగారూ, మీ ఇంటి యంత్రం ఆపాలి. వేలిముద్ర వెయ్యండి."

"వేస్తే పోలా. ఇలా తే." వేలు చాపి, అలవాటుగా పత్రం చదివింది. పత్రంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "రెండు ఇండ్ల నడుమ చిక్కుపడినచో చిన్నవారి యంత్రమునే ఆపవలెను. చిన్నవారు తాము చిన్నవారమని ఒప్పుకొని వేలిముద్ర వేయవలెను."

వేలు గాలిలో ఆగింది.

"పట్టీ ప్రకారం చిన్నది నేను కాదు కదా," అంది మెల్లగా.

"కాదండి. 10:14 నుంచి మీరే పెద్ద. పట్టీ ప్రకారం పోతే నూకరత్నం గారి యంత్రం ఆపాలి. మీరుగా ఒప్పుకుంటేనే మీది ఆపగలం, పట్టీలోనూ అలాగే దిద్దేస్తారు."

"తర్వాత మార్చుకోవచ్చా?"

"కిటికీ మూసేశామండి," అన్నాను నేను. జీవితంలో ఇంత అనవసరమైన మాట నేను అనలేదు.

"పది."

పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వాన పడుతున్నప్పుడు నీటి మీద చుక్కలు లేస్తాయని మన పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంటుంది చూడండి, అచ్చం అలా ఉంది. కామేశ్వరి పక్కకి ఒరిగింది. నూకరత్నం మామ్మ చేతులు ఆడిస్తూనే, తల తిప్పకుండా మాట్లాడింది.

"వద్దులేవే పేరంటాలూ. పోతే పోతాయి. ఇప్పుడు వేలిముద్ర వేసి, నన్ను బతికినన్నాళ్లూ సాధిస్తావు. ఎనభై నాలుగేళ్లు కొట్టుకున్నది దేనికి?"

"పన్నెండు."

"నీళ్లు కొట్టు. మాట్లాడకు," అంది పేరంటాలు.

"నా చేపలు. నా ఇష్టం. ఆ కాగితం అవతల పారెయ్."

"నోరు ముయ్యి అక్కా!"

 ఆ మాట ఊళ్లో ఎవరూ, ఎప్పుడూ, ఆ నోటి నుంచి ఆవిడనుద్దేశించి వినలేదు. పేరంటాలు మామ్మ వేలు పలక మీద గట్టిగా, గోరు తెల్లబడేలా నొక్కింది. పైకి చదివింది కూడా: "నేను చిన్నదాన్ని. సరేనా? రాసుకున్నారా?"

14 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఎనిమిదో ఇంటి యంత్రం ఆగింది, ఏడో ఇంటి బుడగలు వచ్చాయి.

సత్యవేణి గారు పలక నా వైపు తిప్పారు. సర్దుబాటు కోడు లోపల ఎవరూ లేరు. ఆవిడ పాచ్ మీద వేలు పెట్టి నొక్కారు.

"మేడమ్, సభ అనుమతి రేపు కదా?"

"అవును. రేపు తీసుకుందాం."

"దినచర్యలో ఏమని రాయను?"

"జరిగింది జరిగినట్టు రాయమన్నాను కదా. చేతిరాత మాత్రం నీదే. ఎవరికీ అర్థం కాదు."

నష్టం: పిల్లలు సుమారు పదకొండు వేలు. తల్లులు ఒకటి. అది కామేశ్వరి.

ఎనిమిదో ఇంట్లో మంచు పట్టడం మొదలైంది కాబట్టి పేరంటాలు మామ్మ రెండు గంటలూ ఏడో ఇంటి మంచం మీదే కూర్చుంది. తెచ్చిన బొంత ఒకటే. ఇద్దరూ దాని కిందే కూర్చుని తొట్టె చూశారు. నేను చచ్చిన పిల్లల్ని జల్లెడతో తీస్తున్నాను. వెనక నుంచి నూకరత్నం మామ్మ గొంతు వినిపించింది.

"కామేశ్వరికి నీ పేరు పెడదామనుకున్నాను మొదట్లో."

"మరి పెట్టలేదేం?"

"తిండి ఎక్కువ తినేది. నువ్వు బాధపడతావని."

రోజు 231. ఆగుడు లేదు

పెద్దల సభ సమావేశమైంది. అధ్యక్షులు అడిగారు: "ఇక మీదట యంత్రానికి పెద్దాచిన్నా తేడా తెలియదంటారా?"

"తలుపు నంబరు తెలుస్తుందండి," అన్నారు సత్యవేణి గారు.

"మరి వడ్డన?"

"వడ్డన జోలికి మేము పోలేదండి. అది క్యాంటీన్ బోర్డు."

గంటన్నర చర్చించి అనుమతి ఇచ్చారు. పాచ్ ఎప్పుడు పెడతారని అడిగితే, వీలు చూసుకుని పెడతామని సత్యవేణి గారు వినయంగా చెప్పారు. ఈ పేరా కొట్టేయమని ఎర్ర సిరాతో రాశారు. రేపు కొట్టేస్తాను.

వయసు కిటికీ మళ్లీ తెరవాలని కూడా తీర్మానించారు.

రోజు 243. నిలిచిన కాలం:

ఉదయం 11:02కి వయసు కిటికీ నుంచి కాగితం నకలు వచ్చింది. దరఖాస్తుదారు పేరంటాలు. కోరినది: తనను నూకరత్నం కంటే పెద్దగా నమోదు చేయవలెను. కారణం అన్న గడిలో: "230వ రోజున నేను అన్న మాట చేపలతో అన్నది. మనుషులకు వర్తించదు." ఆరు రోజుల పరిశీలన పూర్తయింది, ఆమోదం 11:30కి అమలు.

11:25కి నేను ఏడో ఇంట్లో ఉన్నాను, చొక్కా చేతులు మడుచుకుని, నీళ్లలో పెట్టడానికి సిద్ధంగా. తొమ్మిది లైన్ల పాచ్ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, చేతులకు మాత్రం లేదు. నూకరత్నం మామ్మ పక్కనే నిలబడి బుడగలు చూస్తోంది.

11:30. పట్టీలో వరస మారింది.

బుడగలు వస్తున్నాయి. 11:31. వస్తున్నాయి. పలకలో చూశాను: ఏడో తాళం ముందు, ఎనిమిదోది తర్వాత, పని అయింది, రెండూ వదిలారు. మళ్లీ ఏడు, ఎనిమిది, వదిలారు. మూడు తల్లులూ అడుగున బద్ధకంగా తిరుగుతున్నాయి.

"అయిందా?" అంది మామ్మ.

"అయింది."

"ఇప్పుడు పెద్దది అదేనా?"

"పట్టీలో అంతే మామ్మా."

"సరే, పద. అన్నం టైమైంది."

క్యాంటీన్లో పేరంటాలు మామ్మ అప్పటికే వరసలో మొదట, పప్పు గరిటె చేతబట్టి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి గడ్డం కొంచెం పైకెత్తింది. కావాలనే నింపాదిగా వడ్డించుకుంటోంది. వెనక నలభై మంది ఉన్నారు. నూకరత్నం మామ్మ నేరుగా వెళ్లి ఆవిడ వెనక నిలబడింది. ప్లేటుతో ఆవిడ వీపు మీద చిన్నగా పొడిచింది.

"త్వరగా కానీ అక్కా. ఆకలేస్తోంది."

పేరంటాలు మామ్మ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పప్పు ప్లేటు అంచు మీదుగా కారింది. వెనక్కి తిరిగి పప్పు ముందు నూకరత్నం ప్లేటులో వేసింది. తర్వాత గరిటె అప్పగించి, ఏం చేశానా అన్నట్టు కాసేపు దానివైపే చూసింది.

భోజనాలయ్యాక నూకరత్నం మామ్మ మూడో వరస వైపు నడవడం చూశాను. వయసు కిటికీ రెండింటికి తెరుస్తారు. పేరంటాలు మామ్మ పక్కనే నడుస్తోంది, సాక్షి సంతకానికట.

నిలిచిన కాలం: సున్నా.